తాడుకు అవతల పాడె

త్రినాథ్‌ను మనం పోయిన వారం ఎక్కడ వదిలిపెట్టాం? గుంటూరులో మూడు రోడ్లు కలిసే చోట, రోడ్డుకడ్డంగా కట్టిన తాడు వెనకాల, భుజాన రైఫిల్‌తో. ఊరి చివర కోల్డ్ స్టోరేజీ తగలబడి, దాచుకున్న మిర్చి అంతా బూడిదై, రైతులు రోడ్డెక్కి, బస్సులు కాలి, కర్ఫ్యూ పెట్టి, అదీ చాలక చివరికి సికింద్రాబాదు నుంచి మిలటరీని పిలిపించారు. పిలిపించారే గానీ పని చెప్పలేదు. "మీరు కనపడుతూ ఉండండి చాలు. కాల్పుల కాగితం మీద ఎమ్మార్వో గారు సంతకం పెట్టేదాకా కదలొద్దు" అన్నారు. మంటల్లో పోయిన రైతు ఎవరో ఆ పొద్దుటి దాకా త్రినాథ్‌కు తెలియదు. టీ తాగుతూ ఒక కానిస్టేబుల్ మాటల్లో పేరు చెప్పాడు. తూర్పుపాలెం గురవయ్య అట. త్రినాథ్‌కు సొంత అన్న.

ఆ మాట విన్న మనిషి ఏం చేశాడయ్యా అంటే, ఏమీ చెయ్యలేదు. చేతిలో ఉన్న టీ పూర్తిగా తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. వచ్చి తన చోట నిలబడ్డాడు. కెప్టెన్ నేగికి చెబితే ఆ క్షణమే వెనక్కి పంపించేస్తాడని ఒక భయం. దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మాట్లాడని అన్న చచ్చిపోతే ఏడవడానికి తనకు హక్కు ఉందో లేదో తేల్చుకోలేక, కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా నిలబడ్డాడు.

కళ్ళ నీళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు లెండి. ఆ రోజుల్లో గుంటూరులో కళ్ళు కారని మనిషి లేడు. కాలిన మిర్చి ఘాటు ఊరంతా కమ్ముకుని ఉంది. గర్భిణులు ఇళ్ళు వదిలి చుట్టాల ఊళ్ళకు పోయారు. కొండప్రాంతాల నుంచి వచ్చిన జవాన్లయితే తడి గుడ్డలు ముక్కులకు కట్టుకుని, ఇదేం ఊరు, ఇదేం తిండి, వీళ్ళు దీన్ని అన్నంలో కలుపుకుని ఎలా తింటారు అని తిట్టుకుంటున్నారు. వాళ్ళకి త్రినాథ్ తెలుగువాడని తెలుసు. ఈ నేల వాడేనని తెలియదు.

ఆ మూడు రోడ్లలో ఒకటి పెద్దాసుపత్రి నుంచి వస్తుంది. ఒకటి తూర్పుపాలెం వైపు పోతుంది. మూడోది కోల్డ్ స్టోరేజీ ఓనరు బంగళా వైపు. తాడు కట్టింది ఆ మూడోదానికే. మిగతా రెండూ తెరిచే ఉన్నాయి.

ఎండ తిరుగుముఖం పట్టే వేళకు ఆసుపత్రి రోడ్డు మీద జనం కనిపించారు. ముందు వరసలో ఆకుపచ్చటి వెదురు పాడె. శవాన్ని వ్యానులో వేసుకుని తిన్నగా ఊరికి పొమ్మని ఆఫీసర్లు ఎంత చెప్పినా వినలేదు, భుజాల మీదే మోసుకొస్తున్నారు. వెనకాల వందల మంది. తలగుడ్డలు, చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో కాలిన గోనెసంచులు. నినాదాల్లేవు. అరిచే జనాన్ని చూస్తే పోలీసువాడికి ధైర్యం, ఇలా నోరు మూసుకుని నడిచే జనాన్ని చూస్తే ఎవరికైనా భయం.

పాడె ముందు కొమ్ము భుజాన వేసుకున్నవాడు బుల్లయ్య. కోల్డ్ స్టోరేజీలో మేస్త్రీగా చేసేవాడు. మంటలు లేచిన రోజు నుంచి ఓనరును బండబూతులు తిడుతూ రైతుల పక్షాన తిరుగుతున్నాడు. ఇప్పుడు వాడి మాటే అందరికీ మాట. తాడు కనపడగానే తల వెనక్కి తిప్పి గట్టిగా చెప్పాడు.

"ఎవడు అడ్డమొచ్చినా ఆగేది లేదు. ఓనరు గుమ్మం ముందే దించుదాం. ఆడు బయటికొచ్చి గురవయ్య కాళ్ళ మీద పడేదాకా లేపేది లేదు."

జనం ఊ అన్నారు. జీపులో కూర్చున్న ఎమ్మార్వో గారు అట్ట మీద పెట్టుకున్న కాగితాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. కెప్టెన్ నేగి ఒక్క మాట అన్నాడు. జవాన్ల భుజాల మీది రైఫిళ్ళు చేతుల్లోకి వచ్చాయి. త్రినాథ్‌ది కూడా వచ్చింది. చేతికి అలవాటైన పని, మనసును అడగదు.

అప్పుడు చూశాడు వదినను.

ఆడవాళ్ళు పాడె వెంట వీధి చివరిదాకే వస్తారు మన వైపు. వెంకటేశ్వరమ్మ మాత్రం పాడె పక్కనే వెదురు పట్టుకుని నడుస్తోంది. ఎండకు మొహం కందిపోయి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఈ వెంకటేశ్వరమ్మ గురవయ్య చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి వచ్చేనాటికి త్రినాథ్ తల్లి పోయి ఏడాది తిరగలేదు. కొత్తకోడలు వచ్చిన మొదటి వారంలోనే ముక్కు కారుతున్న మరిదిని చంకనేసుకుని బావి దగ్గర ఒళ్ళు తోమింది. ఆమెకు పిల్లలు కలగలేదు. ఉన్న ఒక్క పిల్లాడూ త్రినాథే అనుకుంది. అలాంటి మనిషి మొహం చూడకుండా ఉండటానికి టోపీ అంచు కిందికి లాక్కున్నాడు త్రినాథ్.

పాడె తాడు దగ్గరికి రాబోతుండగా వెంకటేశ్వరమ్మ వెదురు మీద అరచేత్తో కొట్టింది.

"దించండి" అంది.

మోసేవాళ్ళు ఆగారు. బుల్లయ్య వెనక్కి తిరిగాడు. "ఇక్కడ కాదమ్మా. ఇంకొంచెం దూరం..."

"ఇక్కడే. దింపుడు కళ్ళం ఇక్కడే చేస్తారు."

"ఇక్కడ దింపుడు కళ్ళమేంటి? ఇంటికి పోలా, స్నానం చేయించలా."

"కాలి పోయిన మనిషిని ఇంటికి తీసుకెళ్తారా ఎక్కడైనా? ఆసుపత్రి నుంచి తిన్నగా కాటికే. సగం దారి ఇదే." గుంపులో ఉన్న ఒక ముసలాయన వైపు తిరిగింది. "పిచ్చయ్య మామా, నువ్వు చెప్పు. నేను చెప్పింది తప్పయితే తప్పని చెప్పు."

పిచ్చయ్య తూర్పుపాలెంలో చావులకు పెద్ద. ఏ ఇంట్లో ఏ పద్ధతో ఆయన్ని అడగాల్సిందే. కర్ర మీద ఆనుకుని కాసేపు ఆలోచించాడు. "తప్పు కాదు. ఊరి బయట పోయినోడికి దారిలోనే దించాలి" అన్నాడు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టుగా, "కానీ ఒకటుంది. దించి పిలిచాక పాడె తల ఇటుది అటు తిప్పుతారు. తిప్పాక ఇంక అది కాటికి తప్ప ఎవరి గుమ్మం ముందుకీ పోరాదు" అన్నాడు.

బుల్లయ్య మొహం మాడిపోయింది. ముసలాయన మాటను కాదనే ధైర్యం మాత్రం అక్కడ ఎవరికీ లేదు. పాడె కిందికి దిగింది, తాడుకు ఈవలగా, వేడెక్కిన తారు మీద.

తాడుకు వెనకున్న వాళ్ళకు ఇదంతా ఎలా తెలుస్తుంది? శవాన్ని తెచ్చి సైన్యం ఎదుట రోడ్డు మీద పెట్టారు, అంతే కనిపించింది. కెప్టెన్ నేగి త్రినాథ్ పక్కకు వచ్చాడు.

"ఏంటిది? ధర్నాయా? శవాన్ని ఇక్కడే ఉంచుతారా?"

"కాదు సాబ్. మా ఆచారం." హిందీలో చెబుతుంటే త్రినాథ్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కాటికి తీసుకెళ్ళేటప్పుడు సగం దారిలో దించుతారు. దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే, పిలుపు వింటే, లేచి వస్తాడేమోనని. లేవకపోతే ఎత్తుకుని వెళ్ళిపోతారు."

"మూడుసార్లు పిలిచి వెళ్ళిపోతారా? ఆ ఊరి వైపే?"

"అంతే సాబ్."

"అయితే పిలవమను. ఎందుకు ఆగారు? ఎవరు పిలవాలి?"

"కొడుకు. కొడుకు లేకపోతే తమ్ముడు."

"తమ్ముడు ఎక్కడ?"

త్రినాథ్ జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. వెంకటేశ్వరమ్మ అప్పటికే తాడు దాకా వచ్చి, సరిగ్గా అతని ఎదురుగా నిలబడి ఉంది.

"ఏరా త్రినాథా, టోపీ కింద మొహం దాచుకుంటే నేను గుర్తుపట్టలేననుకున్నావా? ఆ నిలబడే తీరు మీ నాన్నది. రోడ్డు ఆ చివర నుంచే పోల్చుకున్నా."

"వదినా" అన్నాడు.

"మీ అన్నను పిలువు నాయనా. పిలిచేవాడి కోసం చూస్తన్నాడు."

"నేను డ్యూటీలో ఉన్నాను వదినా. ఈ తాడు దాటకూడదు."

"తాడు సంగతి తర్వాత. పిలవాలని ఉందా లేదా, అది చెప్పు."

ఇన్నేళ్ళుగా లోపల కుక్కిపెట్టినదంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది త్రినాథ్‌కు. చుట్టూ ఎవరున్నారో మర్చిపోయాడు.

"నాన్న పోతే నేను కొండల మీద నుంచి దిగి, లారీలెక్కి, రైళ్ళు మారి, తిండి లేకుండా వచ్చాను. వచ్చేసరికి బూడిద మిగిలింది. నాన్న చెవిలో ఒక్క పిలుపు పిలవనివ్వలేదు నన్ను. ఒక్క రోజు ఆగలేకపోయాడు మీ ఆయన. ఆయన్ని ఇప్పుడు నేను పిలవాలా?"

"ఆగాడు నాయనా." ఆమె గొంతు పెంచలేదు. "రోహిణి ఎండలు. మంచుపెట్టె కావాలంటే గుంటూరు రావాలి, వచ్చినా దొరకలా. శవం పాడవుతుంటే కుండలతో నీళ్ళు తెచ్చి గోనెలు తడిపి కప్పాడు. ఊరంతా తిట్టారు, నాన్నను కుళ్ళబెడతన్నావని. మా తమ్ముడొస్తాడు, వచ్చేస్తన్నాడు అని అందరి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇంక మొహం చూడ్డానికి లేకుండా అయ్యాకే పాడె ఎత్తాడు. దింపుడు కళ్ళం కాడ మూడుసార్లు పిలిచి లేచాడు. అందరూ పాడె ఎత్తబోతే ఆగమని మళ్ళీ కూర్చున్నాడు. 'నాన్నా, త్రినాథ్‌ని వచ్చా' అని ఇంకో మూడుసార్లు పిలిచాడు. నీ పేరున. నీ గొంతు పెట్టి. పిచ్చయ్య మామనడుగు, పక్కనే ఉన్నాడు."

పిచ్చయ్య అవునన్నట్టు తల ఊపాడు.

త్రినాథ్ తాడు పట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"చెప్పనిచ్చావా? గుమ్మంలోనే 'ఇంక నువ్వు నాకు అన్నవి కాదు' అని సంచి భుజానేసుకుని పోయావు. నేను చెబుతా నేను చెబుతా అని ఎన్నిసార్లు అన్నానో. వద్దన్నాడు. ఆడు వచ్చి అడిగితే చెబుదువులే అనేవాడు. రోషం మీ ఇంటి సొత్తు కదా. ఇద్దరూ కలిసి నన్ను నడిమధ్య నలిపారు."

ఇంత చెప్పి, ఆమె ఇంకో అడుగు ముందుకు వేసి గొంతు బాగా తగ్గించింది.

"ఇంకో సంగతి విను. మీ అన్న బస్తాల కోసం మంటల్లోకి పోలా. లోపల తొడిమలు తీసే ఆడకూలీలు ఉన్నారని పోయాడు. దూదేకుల మౌలాబీని మోసుకొచ్చి బయట పడేసి, ఇంకో పిల్ల అప్పటికే బయటపడిందని తెలియక దాని కోసం మళ్ళీ పోయాడు. మనుషుల్ని కాపాడటానికి పోయినోడి శవాన్ని అడ్డం పెట్టుకుని ఇప్పుడు మనుషుల్ని చంపుతారా? ఆ బంగళా వైపు పాడె పోతే మీవాళ్ళు కాలుస్తారు. ఇంకెంత మంది నాలాగా అవుతారో నాకు తెలియదు. నువ్వు పిలిస్తే పాడె తిరుగుద్ది. వేరే ఎవరు పిలిచినా చెల్లదు. నా చేతుల్లో ఉన్నది ఇంతే నాయనా, ఇంక నీ ఇష్టం."

తెలుగు ముక్క రాకపోయినా కెప్టెన్ నేగి ఇదంతా పక్కనే నిలబడి చూశాడు. చిన్న వయసువాడు, నిండా ముప్పై ఉండవు. కొన్ని సంగతులకు భాష అక్కర్లేదు కదా. త్రినాథ్ మొహం చూశాడు, పాడె చూశాడు, మళ్ళీ త్రినాథ్‌ను చూశాడు.

"నీ అన్నా?"

"అవును సాబ్."

"పొద్దున్నుంచీ తెలుసా?"

"తెలుసు సాబ్."

జీపులోంచి ఎమ్మార్వో గారు తల బయటపెట్టి, ఏం జరుగుతోందని హిందీలో తడబడుతూ అడుగుతున్నారు. గుంపులో వెనకున్నవాళ్ళకు ఓపిక అయిపోతోంది. ఎవరో రాయి విసిరారు. అది వచ్చి తాడు కట్టిన డ్రమ్ముకు తగిలి ఖణేల్‌మంది. ఒక జవాను రైఫిల్ ఎత్తాడు. నేగి అటు చూడకుండానే చెయ్యి అడ్డంగా చాపి అతన్ని ఆపాడు. అదే చెయ్యి త్రినాథ్ వైపు తిప్పి, "రైఫిల్ ఇలా ఇవ్వు" అన్నాడు.

త్రినాథ్ ఇచ్చాడు.

"టోపీ. బెల్టు. బూట్లు కూడా విప్పుతారనుకుంటా మీ దగ్గర."

"విప్పుతాం సాబ్."

"విప్పు. చితికి నిప్పు పెట్టి తిరిగి రా. ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్పుకుంటాను." అని తనే వంగి తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

యూనిఫాంలో ఉన్న మనిషి వట్టి కాళ్ళతో తాడు కింద నుంచి దూరి ఈవలికి వస్తుంటే గుంపులో మొదట కలకలం రేగింది. మిలటరీవాడొస్తన్నాడు అని ఒకరిద్దరు కర్రలు సర్దుకున్నారు. "ఆడు మన గురవయ్య తమ్ముడ్రా, దారియ్యండి" అని పిచ్చయ్య కసిరాడు. ఆ మాట వెనక వరసల దాకా పాకింది. కర్రలు దిగాయి. తలగుడ్డలు ఒకటొకటిగా చేతుల్లోకి వచ్చాయి.

కాళ్ళు కాలుతున్నాయి. త్రినాథ్ పాడె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహం మీది గుడ్డ వెంకటేశ్వరమ్మ కొంచెం తొలగించింది. మొహం కాలలేదు. పొగకు నల్లబడింది, అంతే. కణతల దగ్గర జుట్టు నెరిసింది. తను చూడకుండా నెరిసిన జుట్టు. చివరిసారి చూసినప్పుడు అన్నకు ఒక్క తెల్లవెంట్రుక లేదు.

చెవి దగ్గరకు వంగాడు. నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఇన్నాళ్ళూ పలకకుండా పట్టుదలగా దాచుకున్న మాట, కావాలన్నప్పుడు అంత తేలిగ్గా వస్తుందా? అంత మంది జనం, ఆ జవాన్లు, జీపులో ఎమ్మార్వో గారు, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"అన్నా."

ఎవరికీ వినపడలేదు. రెండోది వినపడింది. మూడోది తాడు వెనకాల జవాన్ల దాకా వెళ్ళింది. అర్థం తెలియకపోయినా వాళ్ళలో ఒకడు తల వంచుకున్నాడు.

ఇక లేవాలి. త్రినాథ్ లేవలేదు. "అన్నా" అన్నాడు మళ్ళీ. "అన్నా, నేను వచ్చా. అన్నా, లే." దింపుడు కళ్ళం ఆశ అని మాటవరసకు అంటూ ఉంటాం. ఆ ఆశ ఎలా ఉంటుందో ఆ రోజు చూసినవాళ్ళకు తెలిసింది. నిజంగానే లేస్తాడనుకున్నాడు. భుజం పట్టి కదిపాడు. పిచ్చయ్య వచ్చి, "చాలు నాయనా. మూడే పిలవాలి. ఇంకా పిలిస్తే పోయేవాడికి పోబుద్ధి కాదు" అని చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ముసలాయన వల్ల కాలేదు.

చివరికి వెంకటేశ్వరమ్మే పక్కన కూర్చుని అతని తల తన భుజానికి ఆనించుకుంది. అప్పుడు ఏడ్చాడు త్రినాథ్, చిన్నప్పుడు బావి దగ్గర ఏడ్చినట్టు, గుక్కపట్టి. గుంపులో గట్టి మనుషులు కూడా మొహాలు తిప్పుకున్నారు. ఓనరు బంగళా మాట ఇంక ఎవరి నోటా రాలేదు. నలుగురు వంగి పాడె తల తూర్పుపాలెం వైపు తిప్పుతున్నారు. ఎమ్మార్వో గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

గండం గడిచింది అనుకున్నాడు త్రినాథ్. కళ్ళు తుడుచుకుని లేవబోతుంటే వదిన అతని మెడ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టింది. చూసేవాళ్ళకు ఓదారుస్తున్నట్టే ఉంది.

"తల ఎత్తకుండా విను" అంది చెవిలో. "రెండోసారి లోపలికి పోయిన మీ అన్న బయటికి రాకపోవటానికి మంటలు కారణం కాదు. రైతులు ఎగబడి బస్తాలు లాక్కుపోతారని తలుపుకు బయట నుంచి గడియ పెట్టారు. లోపల నుంచి తడుతూనే ఉన్నాడంట. మౌలాబీ కళ్ళారా చూసింది, గడియ పెట్టినోడిని. ఆసుపత్రి మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుని చెప్పింది."

"ఎవరు వదినా?"

"పాడె ముందు కొమ్ము మోస్తన్నాడు."

త్రినాథ్ తల ఎత్తబోయాడు. మెడ మీది చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది.

"ఇప్పుడు ఒక్క మాట అన్నావా, ఈ జనం వాణ్ణి ఇక్కడే చీరేస్తారు. చీరుతుంటే మీవాళ్ళు ఊరుకోరు. మీ అన్న కాటికి చేరేదాకా నోరు కట్టుకో నాయనా. ఇది నా కోసం చెయ్యి."

ఆమె చెయ్యి తీసేసింది. త్రినాథ్ లేచి నిలబడ్డాడు. తాడుకు అవతల కెప్టెన్ నేగి, వెళ్ళు అన్నట్టు తల ఊపాడు. పాడె అప్పటికే భుజాల మీదికి లేస్తోంది. ముందు కొమ్ముల్లో ఒకటి పట్టుకున్న కుర్రాడు గౌరవంగా పక్కకు తప్పుకుని త్రినాథ్‌కు చోటిచ్చాడు. ఆ పక్క కొమ్ము బుల్లయ్య భుజం మీద ఉంది.

త్రినాథ్ వెదురు కింద భుజం పెట్టాడు.

"జాగ్రత్త తమ్ముడూ, బరువుంటది" అన్నాడు బుల్లయ్య.

త్రినాథ్ వాడి వైపు చూడలేదు. అడుగు వాడి అడుగుతో కలిపాడు.